గెలిచే దారి లేని ఆట

నంద్యాల

మరియమ్మక్కకు తమ్ముడు గురుస్వామి వందనాలు.

పది పాసైతే బొమ్మలు గీసే చదువు చదివిస్తానని నాయన నాకు మాటిచ్చి, తీరా పాసయ్యాక ఆ డబ్బుతో నిన్ను టీచరు ట్రైనింగుకు పంపాడు. ఫోనులో ఆటలాడి పొద్దుపుచ్చే నేను ఈ వయసులో అలాంటి ఆటలకు బొమ్మలు గీసి తయారుచేయడం నేర్చుకోవడానికి ఇక్కడి కంప్యూటరు క్లాసుకు వచ్చింది ఆ కోరిక చావకనే. నిన్న నా మొదటి ఆటను మా పంతులమ్మ తహసీన్ ఆడి చూసింది.

"ఏంది తాతా, తలుపులన్నీ మూసిపెట్టినావు. గెలిచే దారి యాడ?"

"అది పెట్టేది నాకు చేతకాలేదమ్మా."

"అట్లయితే దీన్ని ఎవురాడతారు?"

క్లాసంతా నవ్వింది. ఆటల తయారీ మీద ఇన్ని పుస్తకాలు చదివినా ఆ ఒక్క దారి నాకు తోచడం లేదు. రేపటి నుంచి మానేస్తాను. నువ్వు ఆళ్లగడ్డ బస్సులో పంపుతానన్న కొత్త కళ్లద్దాలు ఇక అక్కర్లేదు. నీ మోకాలి నొప్పి తగ్గిందా? మనవళ్లకు దీవెనలు. నాయనను ఎప్పుడో క్షమించాను. ఆయన మాట తప్పిన రోజు పక్కనే నిలబడి నోరు విప్పని నిన్ను మాత్రం క్షమించలేదు, మరియమ్మక్కా.