సంతకం పెట్టిన జిరాక్సులు

తమ్మీ,

రేపటికి నువ్వు పోయి ఏడాది. ఇయ్యాల చిన్నబిడ్డ కాలేజీ ఫీజుకు లోన్ అడగనీకి బ్యాంకుకు పోయిన. "మీ పేరు మీద ఎవరు లోనిచ్చినా క్రెడిట్ బ్యూరో లెక్కల ఎక్కుతది మేడం. ముందు మీ రిపోర్ట్ తీసి చూసుకోండి" అన్నడు మేనేజర్.

రెజిమెంటల్ బజార్ల నీ మిక్సీ రిపేర్ దుకాణం కోసం లోన్‌కు నేను హామీ ఉంటనని జమానతు సంతకం పెట్టుమని నువ్వు అడిగితే, "నీ అప్పులల్లకు నన్ను గుంజకు" అన్న కదా. నువ్వు ఫైనాన్సోళ్ల దగ్గర మిత్తికి తెచ్చుకున్నవ్. వాళ్లు దుకాణం ముందట లొల్లి చేసిన రోజే నీ గుండె ఆగింది. ఆ తర్వాత నీ స్కూటర్ డిక్కీల నా పాన్, ఆధార్ జిరాక్సులు దొరికినయ్, నా సంతకంతోటి. గ్యాస్ కనెక్షన్‌కని ఎప్పుడో నేనే ఇచ్చినవి. "నీ పేరు మీద ఎన్ని లోన్లు లేపిండో" అన్నడు మీ బావ. నేను సుత అట్లనే అనుకున్న. ఏడాది సంది రిపోర్ట్ తియ్యనీకి భయపడ్డ.

బ్యాంకు బెంచీ మీద కూసొని ఫోన్ల తీసిన. లోన్ల పేజీల నా ఫ్రిజ్ వాయిదాలు తప్ప ఏం లేవు. లోన్ రాకున్నా, ఉత్తగ అడిగినా ఎక్కే పేజీ ఇంకోటి ఉంటది. అండ్ల సుత ఫ్రిజ్ ఒక్కటే. నీ దొంగతనం కోసం మూడుసార్లు వెతికిన తమ్మీ. అంత తక్లీఫ్‌ల సుత నా కాయితాలు నువ్వు బయటికి తియ్యలే.

"రిపోర్ట్ సాఫుగుంది మేడం" అన్నడు మేనేజర్. "జమానతుకు మీవాళ్లెవరన్న ఉన్నరా?"

"తమ్ముడు ఉండె సార్" అన్న.