గౌరి విన్నది

బావా,

నిన్ను జీపులో తీసుకుపోయి నేటికి ఏడాది. ఈ ఉత్తరం నీకు చేరదని ఇవాళ పొద్దున్నే తెలిసింది. అయినా రాస్తున్నాను.

ఎదుటివాళ్ల మనసులో మాట వినపడుతుందని ఊళ్లు వెలివేసిన పిల్లలకు నరసన్నపేట పక్కన పాత ధాన్యం కొట్టులో మనం చదువు చెప్పేవాళ్లం కదా. ఆ నేరానికే నిన్ను తీసుకుపోయాక, పైకి దానికి కుట్టుపని బడి అని పేరు పెట్టాను. విన్నది మొహంలో కనబడనీయకుండా ఉండటం నేర్పాను.

నిన్ను పట్టుకుపోయిన ఆఫీసరే ఇవాళ వచ్చాడు. అందరిలో పెద్దదైన గౌరిని నిలబెట్టి, "నా మనసులో ఏటుందో సెప్పు" అన్నాడు. చెబితే దాన్నీ తీసుకుపోతాడు. నా చేతిలో సుద్దముక్క విరిగిపోయింది.

గౌరి అతని కళ్లలోకి చూసి, "నాకేటి తెలుస్తాది బాబూ? ఆకలేస్తంది" అంది.

అతను నవ్వి వెళ్లిపోయాడు. జీపు చప్పుడు పూర్తిగా వినపడకుండా పోయాక గౌరి నా ఒళ్లో పడి ఏడ్చింది.

"మేష్టారు సచ్చిపోనారు టీచరమ్మా. ఆడి మనసులో ఇన్నాను. ఇంకెవలు పాఠాలు సెప్తన్నారని ఎంత కొట్టినా మీ పేరు సెప్పనేదు. ఆడికి మన మీద అనుమానం పోనేదు. రేపు మళ్లీ వస్తాడు."

సాయంత్రంలోగా పిల్లలందర్నీ వంశధార దాటించాలి. నీకోసం మనసులో ఏడవడానికి కూడా లేదు బావా. పిల్లలు వింటారు, భయపడతారు.