రొయ్య పెంకు రేణువులు విరగలేదు

నవంబరు 12, బుధవారం

పొద్దున్న ల్యాబ్ తెరవగానే ఆశ్చర్యపోయాను. రొయ్య పెంకుల నుంచి తీసిన పాలిమర్‌తో నిన్న చేసిన, మింగే మందును మోసే రేణువులు అడుక్కి దిగకుండా, నీళ్లంతటా పలచగా పరుచుకుని తేలుతూనే ఉన్నాయి. మూడు వారాలుగా ప్రతిసారీ పాలలా విరిగిపోయేవి. ఈ వారమూ ఇంతే అయితే ప్రాజెక్టు మార్చేయమని మా గైడ్ మేడమ్ చెప్పేశారు.

తప్పు పట్టుకున్నది నాన్నగారు. ఆదివారం మా రొయ్యల చెరువు గట్టున అడిగారు.

"పీహెచ్ ఎన్నిసార్లు చూస్తున్నావమ్మా?"

"మొదట్లో ఒకసారండి."

"చెరువుకే పొద్దున్నా మధ్యాహ్నమూ చూస్తాం. చదువుకున్నదానివి, ఒక్కసారి చూసి వదిలేస్తావా?"

నిజమే. రేణువులను గట్టిపరిచే ఉప్పు కలిపేకొద్దీ పులుపు తగ్గిపోతోంది. పులుపు తగ్గితే అవి ఒకదాన్నొకటి దూరంగా నెట్టుకోలేక గుంపు కట్టేస్తున్నాయి. నిన్న చుక్క చుక్కకీ కొలిచి, పులుపు తగ్గితే పెరిగే పీహెచ్‌ని ఐదు దాటనివ్వలేదు. ఇలా విరగకుండా ఉండటాన్ని చెప్పే 'నిలకడ' అన్న మాట ఎంత బాగుందో! నోట్‌బుక్‌లో నాలుగుసార్లు రాసుకున్నాను.

మేడమ్ సీసా ఎత్తి చూసి నవ్వారు. "బాగుంది. మరి కడుపులో పులుపుకి ఆగుతాయంటావా?"

కాస్త పులుపు వీటికి కావాలి. కానీ మరీ అంత పులుపులో కరిగిపోతాయేమో... రేపు ఉదయం మొదటి బస్సుకే ల్యాబ్‌కి వెళ్లి, కడుపులో ఉండేంత పుల్లని ఆమ్లంలో సగం వేసి చూస్తాను. మిగతా సగం మాత్రం దాచుకుంటాను.