కందిరీగ పెట్టెలో పరాయి సొత్తు

కొండ కడుపులో కూర్చుని కొండనే కొలుస్తున్న మా ఆవిడకి,

ఇక్కడ నేను క్షేమం, మీ అమ్మ క్షేమం, ఇల్లు క్షేమం, నీ కంప్యూటర్ కూడా క్షేమమే. ఆ సొరంగం క్యాంపులో నువ్వూ, నీ కొలతల పరికరాలూ, నీతో పనిచేసేవాళ్ళూ అందరూ క్షేమమని తలుస్తాను. నీ ఉత్తరం మొన్న అందింది. పదిహేను రోజులకోసారి సరుకుల బండిలో వచ్చే ఉత్తరం కదా, కవరు నిండా ఉల్లిపాయల వాసనే. ఆఫీసులో ఒకసారి, బస్సులో ఒకసారి, మీ అమ్మకి వినిపిస్తూ ఒకసారి చదివాను. మీ అమ్మకి చదివేటప్పుడు రెండు వాక్యాలు మింగేశాను, ఏవో నీకు తెలుసు.

మళ్ళీ అవే మూడు ప్రశ్నలు అడిగావు. కంప్యూటర్ పనిచేస్తోందా? నా ఆటకి అదనపు భాగంగా కొత్తగా వచ్చిన ఎక్స్‌పాన్షన్ ఎక్కించావా, అందులో నా పాత సేవ్, నేను ఆట ఆపి దాచుకున్న చోటు, తెరుచుకుందా? ఇక్కడ ఇంకో ఆర్నెల్లు ఉండమంటున్నారు, నెలాఖరులోగా సంతకం పెట్టాలి, పెట్టనా వద్దా? మొదటి రెండింటికీ వివరంగా జవాబిస్తాను. మూడోదానికి చివర్లో రాస్తాను. నీ అలవాటు ప్రకారం ముందే చివరి పేజీకి పోకు.

కంప్యూటర్ భేషుగ్గా ఉంది. ఆదివారం ఆదివారం వెలిగించి, దుమ్ము దులిపి, ఫ్యాను తిరుగుతోందో లేదో చూడమన్నావు, చూస్తున్నాను. ఎక్స్‌పాన్షన్ దగ్గరే తల ప్రాణం తోకకొచ్చింది. డిస్కు పెట్టాను, అది గిర్రున తిరిగింది, తెర నల్లబడింది, అంతే. నేను నొక్కకూడనిదేదో నొక్కానని హడలిపోయి, వీధి చివర రిపేరు షాపావిణ్ణి పిలుచుకొచ్చాను. అదే, ఎప్పుడూ జుట్టు ముడిలో స్క్రూడ్రైవర్ దోపుకుని ఉంటుందే, ఆవిడ.

"ఆట పుట్టి పదేళ్ళు, ఈ ఎక్స్‌పాన్షన్ పుట్టి పది వారాలు. రెంటికీ పొత్తు కుదరాలంటే కాస్త ఓపిక పట్టాలండీ" అంది. ఆటకి ఇన్నేళ్ళలో వచ్చిన సవరణలన్నీ వరసగా ఎక్కించింది. మెమరీ చాలదని ఇంకో ముక్క బిగించింది. అయినా తెర నల్లగానే ఉంటే, చివరికి కంపాటిబిలిటీ మోడ్ అని ఒకటి పెట్టింది. అంటే ఏమిటమ్మా అని అడిగాను. "చుట్టూ అంతా నీ కాలంలో ఉన్నట్టే ఉంది, ఏమీ మారలేదు అని పాత ఆటని నమ్మించడమండీ" అంది. మా ఇంట్లో పదహారేళ్ళుగా మా ఆవిడ నన్ను అలాగే నెట్టుకొస్తోంది అన్నాను. ఆవిడ పడీ పడీ నవ్వింది. నువ్వు మూతి తిప్పుకుంటావని తెలుసు.

మొత్తానికి నీ పాత సేవ్ తెరుచుకుంది. ఏడేళ్ళుగా నువ్వు పెంచిన నీ కత్తివీరురాలు కందిరీగ, నలభై ఒకటో లెవెల్‌తో, తన ఇంటి ముందు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. నిలబడే తీరు అచ్చం నీదే. ఇక్కడితో రెండో జవాబు ముగించి, కలం మూసేసి ఉంటే ఎంత బావుండేది!

కానీ వెళ్తూ వెళ్తూ రిపేరు ఆవిడ ఒక మాట అంది. "ఓ పది అడుగులు నడిపించి చూడండి, మధ్యలో ఆగిపోతుందేమో." సరేనని నడిపించాను. పది అడుగుల్లో తలుపు వచ్చింది. తలుపు తీస్తే ఇల్లు. ఇంట్లో గోడ పొడవునా పెట్టెలు. ఒకటి తెరిచాను.

నా సంగతి నీకు తెలుసు. ఇరవై ఏళ్ళుగా బస్‌స్టాండులో పోయిన వస్తువుల కౌంటర్లో కూర్చునే మనిషిని. గొడుగు గానీ, ఒంటి చెప్పు గానీ, మొన్నటికి మొన్న దొరికిన పళ్ళసెట్టు గానీ, చీటీ కట్టి, సొంతదారుణ్ణి వెతికి చేతిలో పెడితే తప్ప నాకు అన్నం సహించదు. అలాంటివాడికి నీ పెట్టెలో ఏం కనబడింది? ఒక్కో వస్తువు మీద మౌస్ బాణం పెడితే చాలు, దాని సొంతదారు పేరు పైకి వస్తోంది. మిల్లువాడి గరిటె. కమ్మరి కూతురి చెక్క గుర్రం. పూటకూళ్ళమ్మ దుప్పటి. బడిపంతులి కళ్ళద్దాలు. రెండు వందల పన్నెండు వస్తువులు, అన్నీ పరాయి సొత్తే! లోకాన్ని రాక్షసుల నుంచి కాపాడుతున్నానని నాకు చెప్పి, నువ్వు చేస్తున్న పని ఇదా? కళ్ళద్దాలు లేకుండా ఆ పంతులు ఏడేళ్ళుగా పిల్లలకి ఏం చెబుతున్నాడో ఒక్క రోజైనా ఆలోచించావా?

పక్కనే కూర్చుని బఠాణీలు వలుస్తున్న మీ అమ్మకి చూపించాను. ఆవిడ చాలాసేపు తెర వంక చూసింది. "మా పెంపకంలో లోపం లేదు అల్లుడుగారూ. పెళ్ళయ్యాకే నేర్చుకుని ఉంటుంది" అంది. తర్వాత, "ఎవరివి వాళ్ళకి ఇచ్చేద్దాం, మన ఇంట్లో ఎందుకండీ ఇవన్నీ" అని కూడా అంది. నేనూ అదే అనుకుంటున్నాను.

అలా మొదలైంది. ఆఫీసు నుంచి వచ్చి టీ తాగడం, మీ అమ్మ రెండు వీధుల అవతల నుంచి రావడం, ఇద్దరం ఒక గంటసేపు ఇంటింటికీ తిరిగి వస్తువులు అప్పగించడం. నీ క్వెస్టుల పుస్తకంలో, అదే ఆట నీకు అప్పజెప్పిన పనుల చిట్టాలో, ఉన్న డ్రాగన్లూ, శాపాలూ, రాజుగారి రహస్య లేఖలూ ఒక్కటీ ముట్టుకోలేదు. మాకు మా పనే సరిపోయింది. మిల్లువాడి గరిటె తిరిగి పెట్టడానికి తలుపు తట్టే మీట ఏదో దొరక్క నేరుగా లోపలికి వెళ్ళాను. కాపలావాళ్ళు వచ్చి దొంగతనం కింద పట్టుకున్నారు. ఏడేళ్ళు గరిటెలు ఎత్తుకుపోయిన దానివి నువ్వు ఒక్కసారీ దొరకలేదు, తిరిగివ్వడానికి వెళ్ళిన నేను జైల్లో పడ్డాను.

మీ అమ్మ గురించి ఒకటి చెప్పాలి. కంప్యూటర్ కట్టేసి ఉన్నంతసేపూ "అల్లుడుగారూ, మీరూ" అంటూ మర్యాదకి లోటు రానివ్వదు. కందిరీగ ఊరు దాటి అడవిలో అడుగుపెట్టిందా, "ఒరేయ్, కుడివైపురా! తోడేలు! కొట్టవేంరా, చేతులు పడిపోయాయా?" అని నా వీపు మీద ఒకటి వేస్తుంది. ఆట ఆపగానే కొంగు సర్దుకుని, "ఇంకో కప్పు టీ తాగుతారా అండీ" అంటుంది. పెళ్ళయిన పదహారేళ్ళలో ఆవిడతో నాకు ఇంత చనువు ఎప్పుడూ లేదు. పంతులుగారి ఇంట్లో బల్ల మీద కళ్ళద్దాలు పెట్టిన రోజు ఇద్దరికీ కళ్ళనీళ్ళు వచ్చినంత పనైంది. ఆ పంతులు మాత్రం ఎప్పటిలాగే, "వాన వచ్చేలా ఉంది, బాటసారీ" అన్నాడు.

ఇప్పుడు చెప్పబోయేది నిలబడి చదవకు. కూర్చో. చేతిలో బరువైన పరికరాలేమైనా ఉంటే పక్కన పెట్టు.

పెట్టెలన్నీ ఖాళీ అయ్యాక ఒకే వస్తువు మిగిలింది. గోడకి వేలాడదీసిన నల్ల పిడి కత్తి. బాణం పెడితే సొంతదారు పేరు వచ్చింది: పాత రాణి. రాణి ఉండేది కొండ కింద సమాధిలో. చచ్చిపోయిన మనిషి సొత్తు కూడా కాజేశావా అని నీ మీద కాస్త కోపం వచ్చిన మాట నిజం. రెండు సాయంత్రాలు నడిచి సమాధి చేరాం. కత్తిని ఆవిడ చేతుల మధ్య పెట్టాను. మీ అమ్మ కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుంది. బయటికి వచ్చామో లేదో వెనకాల రాతి తలుపు ధడాలున మూసుకుంది. ఆట తనంతట తనే సేవ్ అయిపోయింది. మంచి పని చేశాం కాబట్టి ఆట దాన్ని రాసిపెట్టుకుంది కాబోలని మేమిద్దరం సంతోషించాం.

మర్నాడు ఈ సంగతి రిపేరు ఆవిడకి గొప్పగా చెప్పాను. ముందు నవ్వింది. తర్వాత నవ్వు ఆపి స్టూలు మీద కూలబడింది. ఆ కత్తి లేకపోతే అసలు ఆటలోని చివరి క్వెస్ట్ పూర్తికాదట. అది పూర్తికాకపోతే ఎక్స్‌పాన్షన్‌లోని కొత్త దీవికి పడవ కదలదట. ఒకసారి కత్తి తీసి మళ్ళీ పెట్టిన మనిషికి ఆ తలుపు మరి తెరుచుకోదట. పాత సేవ్‌లు ఏమైనా ఉన్నాయేమోనని వెతికింది. నువ్వు అన్నేళ్ళూ ఒక్కదాని మీదే సేవ్ చేస్తూ వచ్చావు. నేనూ అలాగే దాని మీదే చేసేశాను. ఆ ఆట ఆడేవాళ్ళంతా ఇంటర్నెట్లో రాసుకునే చోట ఆవిడ మన గోడు రాస్తే, ఒక పెద్దమనిషి జవాబిచ్చాడట: "పదేళ్ళుగా ఆడుతున్నాం. దాన్ని తిరిగి పెట్టాలని ఇంతవరకు ఎవరికీ తోచలేదు. మీ ఇంట్లో ఎవరికి తోచింది?"

నాకు తోచింది. నీ ఏడేళ్ళ ఆటని పాడుచేసింది నేనే. ఈ మాట రాయడానికే రెండు ఉత్తరాలు గడిచాయి. ఆ రెండింట్లోనూ వాతావరణం గురించి అన్ని పేజీలు ఎందుకు రాశానో ఇప్పుడు అర్థమై ఉంటుంది. క్షమించు.

అయితే దారి లేకపోలేదు. ఈ ఎక్స్‌పాన్షన్‌లో ఇద్దరు పక్కపక్కన కూర్చుని, తెరని చెరి సగం చేసుకుని ఆడే వీలు పెట్టారు. సమాధి తలుపుకి అటొక రాయి, ఇటొక రాయి ఉన్నాయి. వాటి మీద ఇద్దరు బాటసారులు ఒకేసారి నిలబడితే తలుపు తెరుచుకుంటుంది. ఆ రెండోవాడికి కనీసం ఇరవయ్యో లెవెల్ ఉండాలి. అంచేత నేనొక మనిషిని తయారుచేసుకున్నాను. పేరు గుమస్తా. మీ అమ్మ దగ్గరుండి చొక్కా రంగు ఎంచింది. మొదటి రోజే బాతుల చేతిలో మూడుసార్లు చచ్చిపోయాను. డ్రాగన్లు కావు, బాతులే. ఇప్పుడు తొమ్మిదో లెవెల్. బాతులు నన్ను చూస్తే తప్పుకుంటున్నాయి.

మొన్న మీ అమ్మ అంది, "ఇరవయ్యో లెవెల్ రాగానే కందిరీగని నేను నడుపుతా, మీరు ఆ రెండో రాయి ఎక్కండి. అమ్మాయి వచ్చేసరికి కత్తి గోడకి ఉంటుంది, గొడవే లేదు." వద్దన్నాను. ఎందుకంది. ఆ కందిరీగని నువ్వే వచ్చి నడపాలన్నాను. ఆవిడ నా మొహం వంక చూసి, చేతిలో పని పక్కన పెట్టి, "ఈ సంగతి దానికి రాశారా?" అంది. లేదన్నాను. "ఈసారైనా రాయండి. లేకపోతే నేనే రాస్తా" అని చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

అంచేత రాస్తున్నాను. సంతకం గురించి ఇంతకుముందు నువ్వు కదిపినప్పుడల్లా, "ఇక్కడ నాకేం లోటు లేదు, హాయిగా ఉన్నాను, నీ పని చూసుకో" అని రాశాను. అది అబద్ధం. కంప్యూటర్ బాగుందో లేదో చూడటానికి పది నిమిషాలు చాలు. నేను గంటలు గంటలు ఆ కుర్చీలో కూర్చున్నది కళ్ళద్దాల కోసమూ కాదు, గరిటెల కోసమూ కాదు. ఆదివారం మధ్యాహ్నాలు నీ గదిలోంచి మీటల టకటకలూ, మధ్య మధ్య "చచ్చావురా!" అనే నీ కేకా వినబడేవి. నువ్వు వెళ్ళాక ఆ గదిలో చప్పుడు లేదు. నేను కూర్చుని నొక్కితే కనీసం మీటల చప్పుడైనా ఉంటుంది కదా అనిపించింది. ఏడేళ్ళు నీ పక్కన కుర్చీ వేసి రమ్మని పిలిచావు. నేను పేపరు అడ్డం పెట్టుకుని "నాకెందుకే ఆ బొమ్మలాట" అన్నాను. ఒక్క ఆదివారమైనా వచ్చి కూర్చోవలసింది.

ఇక సంతకం. ఆ సొరంగాన్ని రెండు వైపుల నుంచీ తవ్వుకొస్తున్నారనీ, మధ్యలో గీత తప్పకుండా కలవాలంటే నీ కొలతలే దిక్కనీ నాకు తెలుసు. ఆ కలిసే రోజు నువ్వు అక్కడ ఉండాలనుకుంటే ఉండు, సంతకం పెట్టు. అలగను, ఉత్తరాలు మానను. కానీ "ఆయనకేం, హాయిగా ఉన్నాడు" అనుకుని మాత్రం పెట్టకు. నేను హాయిగా లేను. నువ్వు లేకుండా నాకు ఇక్కడ బాగోలేదు. ఇది తెలిశాక నువ్వు ఏం నిర్ణయించుకున్నా నాకు సమ్మతమే.

వచ్చేటట్టయితే ఏ రోజు, ఏ బస్సో ముందుగా రాయి. నా ఉద్యోగం ఆ బస్‌స్టాండులోనే కదా, కౌంటర్లోంచే చూస్తాడులే అనుకోకు. ఆ రోజు సెలవు పెడతాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఇంటి దగ్గర బస్సెక్కి, అందరిలాగే నా మనిషి కోసం వచ్చి నిలబడతాను.

ఇట్లు,
మీ ఆయన