బావకు, క్లచ్ నట్టు గురించి

బావా,

బొమ్మ ట్రక్కును ఈ ఉత్తరంతో పాటే పంపుతున్నాం. రిమోట్‌తో ఎలా నడపాలో నీకు తెలుసు కాబట్టి, కొత్తగా మారిన భాగాల గురించి వివరంగా రాసి పెట్టమన్నారు నాన్న.

గేరు పళ్లు ఊడిపోయాక నువ్వు దాన్ని మా వరండాలో పడేసి, "బాగుచేసుకుంటే నీదే, లేదంటే తలుపుకు అడ్డం పెట్టుకో" అన్నావు. నీ స్నేహితులు పగలబడి నవ్వారు. నేను మాత్రం మొదటి సగమే విన్నాను. పాత సామాన్ల దుకాణంలో ఏరి ఏరి, మూడు నెలల్లో ఒక ఇనుప గేరు, రెండు ఇరుసులు సంపాదించి బిగించాను. పోయిన వారం నీ కొత్త ట్రక్కు ఎక్కలేని దిబ్బను అది ఎక్కింది. ఆ సాయంత్రమే అత్తయ్య ఫోన్ చేసి, "మా వాడి వస్తువు మా వాడికి పంపించెయ్ తమ్ముడూ" అంది. నాన్న అట్టపెట్టె తెచ్చారు.

ఇక అసలు సంగతి. ప్లాస్టిక్ గేరైతే, చక్రం ఇరుక్కున్నప్పుడు దాని పళ్లే ఊడి మిగతావి బతికేవి. ఇనుపది ఊడదు, ఇరుసునే విరిచేస్తుంది. అందుకని గేరును పట్టి ఉంచే క్లచ్ నట్టు కాస్త వదులుగా ఉండాలి, అప్పుడే దెబ్బ తగిలినప్పుడు క్లచ్ జారి ఇరుసు బతుకుతుంది. ఎంత వదులో కొలత లేదు. జారేటప్పుడు వచ్చే సన్నని చప్పుడు విని సరిచేయాలి. నేను పూర్తిగా బిగించి పంపుతున్నాను.

ఆదివారం నీకు ట్రక్కుల పందెం ఉందిగా. ట్రక్కు మీదేనని అత్తయ్య అంది, ఇచ్చేశాం. ఆ చప్పుడు గుర్తుపట్టడం నాకు మీరెవరూ నేర్పలేదు, కాబట్టి ఆ విద్య తిరిగి ఇవ్వాల్సిన పని లేదు.

నీ మరదలు