అక్క ఇంటర్వ్యూకి నేనడిగిన ప్రశ్న

నాన్నా, నీ నంబర్ పనిచెయ్యదని తెలుసు. అయినా చెప్పాలనిపించింది. అక్క బీఎస్సీ నర్సింగ్ పాసయ్యింది. రేపు విజయవాడలో ఒక ఆసుపత్రిలో ఉద్యోగానికి ఇంటర్వ్యూ. అది వస్తే అమ్మ ఇంక కూలికి వెళ్ళక్కర్లేదు.

ఇవాళ అక్క నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, ప్రశ్నల కాగితం చేతికిచ్చి, "నువ్వే పెద్ద డాక్టరువి, ప్రశ్నలడుగు" అంది. అందులో అంతా ఇంగ్లీషే. నాకు ఇంగ్లీషు చదవడం రాదు కదా, సొంతంగా అడిగాను.

"పేషెంటు నొప్పి లేదని అబద్ధం చెప్తే ఎలా తెలుస్తుందండీ?"

"డాక్టరు నర్సుని అండీ అంటాడేంట్రా!" అని నవ్వింది. తర్వాత చెప్పింది. "మామిడికాయ ముదిరిందో లేదో నాన్న కాయనడిగి కోసేవాడా? తొడిమ పక్కన భుజాలు లేచాయో లేదో చూసేవాడు. నేనూ అంతే. చెమట చూస్తా, ఊపిరి చూస్తా, చెయ్యి ఎక్కడ పెట్టుకున్నాడో చూస్తా."

ఆ చివరి రోజు రెడ్డిగూడెం తోటలో నువ్వు గుండె మీద చెయ్యి పెట్టుకుని, ఏం లేదమ్మా, ఎండకి అన్నావు. అక్క పక్కనే ఉంది.

"మరి నాన్నని..." అన్నాను.

"అప్పుడు నాకు చూడ్డం రాదురా." చున్నీ సర్దుకుని నిటారుగా కూర్చుంది. "ఊఁ, తర్వాత ప్రశ్న, డాక్టరుగారూ."

కాగితం తిరగేసి చూశాను, అటూ ఇంగ్లీషే. నువ్వయితే ఏం అడిగేవాడివి నాన్నా?