తోడు వెయ్యని ఆరు సీసాలు

ముసునూరు,
ఏప్రిల్ 19.

చిరంజీవి సౌభాగ్యవతి సాహితికి అత్తయ్య దీవించి రాసేది. ఇక్కడ నేనూ, మీ ఆయనా, గేదెలూ అందరం బాగానే ఉన్నాం. బాపట్ల హాస్టల్లో నువ్వు వేళకి తింటున్నావనే అనుకుంటున్నాను.

నా మోకాలు ఎలా ఉందని అడిగావు. దానికేం, మెట్లెక్కనంతసేపూ బంగారం. మామిడి కాయ సంగతి అడిగావు. మొన్నటి గాలికి ఆగిరిపల్లి తోటలో కలెక్టర్ కాయ సగం నేలపాలైంది. చిన్నరసాలు నిలిచాయి. మావాడు మనోజ్ పొద్దున పోతే సాయంత్రం దాకా అక్కడే. అన్నం కూడా నిలబడే తింటున్నాడు. పక్కింటి పుష్పవతి మాత్రం రోజూ గోడ మీంచి అడుగుతుంది, "కోడలి చదువు ఇంకా అవ్వలేదా వదినా?" అని. "అవ్వకపోతే నీకేంటి నొప్పి?" అన్నాను. మొహం ముడుచుకుని పోయింది.

ఇక్కడిదాకా రాసి, లేచి వెళ్ళి మజ్జిగ చిలికొచ్చాను. మళ్ళీ లేచి దొడ్డి ఊడ్చాను. కాలు ఒకచోట నిలవడం లేదు. పదకొండు రోజులుగా ఇదే వరస, నీ ఉత్తరం వచ్చిన దగ్గర్నుంచీ.

వేరుశనగ పాలు పులిస్తే యాంటీ ఆక్సిడెంట్లు పెరుగుతాయని రెండేళ్ళుగా కిందా మీదా పడుతున్నావు. నాకూ చెప్పావు. "కోసిన అరటికాయ ముక్కలు నల్లబడకుండా మజ్జిగ నీళ్ళలో వేస్తాం కదా అత్తయ్యా, ఒంట్లో అలాంటి పని చేసేవే ఇవి. గింజలో ఇరుక్కుని ఉంటాయి, పులియబెడితే బయటపడతాయి" అన్నావు. బ్రహ్మాండంగా అర్థమైంది. ఇప్పుడేమో, మొన్న సెలవులకి వచ్చి మనింట్లో పెట్టిన పన్నెండు సీసాల్లో తోడు వేసిన ఆరూ, పోల్చి చూడ్డానికి వెయ్యకుండా ఉంచిన ఆరూ ఒక్కలాగే వచ్చాయన్నావు. "ఎండకి వాటంతటవే పులిస్తే ఇక నీ తోడు గొప్పేంటమ్మా?" అని నీ చదువు చూసే సారు అడిగారని రాశావు. నెలాఖరుకి అన్నీ వదిలేసి ఇంటికొచ్చేస్తానన్నావు.

అవి వాటంతటవి పులవలేదమ్మా.

ఆ సీసాలు పెట్టిన రోజు మీరిద్దరూ విస్సన్నపేట పెళ్ళికి బండెక్కగానే వంటింట్లోకి వెళ్ళాను. ఆరు సీసాల మీద 'తోడు' అని చీటీ ఉంది. మిగతా ఆరింటి మీద ఏమీ లేదు. కాచిన పాలని తోడు వెయ్యకుండా వదిలేసే ఇల్లు ఎక్కడైనా ఉంటుందా? అయ్యో, పిల్ల హడావిడిలో మర్చిపోయింది అనుకున్నాను. కూరలో ఉప్పు రెండుసార్లు వేసేదానివేగా! నువ్వు వాడిన పెరుగు గిన్నెలోంచే ఒక్కోదాంట్లో అర చెంచా వేసి, కలిపి, మూత పెట్టేశాను. నీకు చిన్నతనంగా ఉంటుందని చెప్పను కూడా లేదు. పైగా కోడలి పరువు కాపాడానని మురిసిపోయాను.

అది తెలియక చేసింది. తర్వాతది తెలిసే చేశాను. నీ ఉత్తరం చదవగానే నాకు సంగతి తెలిసిపోయింది. ఆ పూటే ఫోన్ చెయ్యాల్సింది. చెయ్యలేదు. నువ్వు వచ్చేస్తావంటే నాకు సంతోషమేసింది, సాహితీ. మనోజ్ కూర్చుని తింటాడు, ఇంట్లో నవ్వులుంటాయి, పుష్పవతి నోరు మూతపడుతుంది అనుకున్నాను. నీ రెండేళ్ళ కష్టం బూడిదలో పోసిన పన్నీరవుతుంటే నేను నీ గది దులిపించి, మంచానికి కొత్త దుప్పటి కొన్నాను. రాస్తుంటే సిగ్గేస్తోంది.

ఫోన్‌లో చెబితే మీ సారుకి చూపించడానికి నీ చేతిలో ఏమీ ఉండదని కాగితం మీద పెట్టాను. ఆ ఆరు సీసాల్లో తోడు వేసింది నేనే. ఆయన నమ్మకపోతే చెప్పు, బస్సెక్కి వచ్చి ఎదురుగా నిలబడి చెబుతాను. మళ్ళీ మొదలుపెట్టు. ఇంటికి రావాలని నీకే అనిపిస్తే ఏ రోజైనా రా, తలుపు తీసే ఉంటుంది. నా తప్పు వల్ల మాత్రం రావద్దు.

ఇట్లు,
నిన్ను ఇంటికి లాక్కోవాలని చూసిన మీ అత్తయ్య,
బసవమ్మ